పళ్ళొచ్చే కాలం

2 జూలై 2024, మంగళవారం

వాన పడగానే ఓపీ తీరే మారిపోతుంది. మొన్నటిదాకా చెమటకాయలు, సెగగడ్డలు. ఇప్పుడు వాంతులు, విరేచనాలు, జ్వరాలు. ఇవాళ ఏడాది లోపు పిల్లలు పదకొండు మంది వచ్చారు. వాళ్ళలో ఏడుగురి తల్లులు నేను అడక్కముందే కారణం కూడా చెప్పేశారు: "పళ్ళొస్తున్నాయమ్మా."

పేరాల నుంచి ఒకావిడ ఎనిమిది నెలల ఆడపిల్లను తీసుకొచ్చింది. వెంట అత్తగారు. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి, వానకి మగ్గం గుంటలో నీళ్ళు ఊరుతున్నాయి, పని ఆగిపోయింది. అందుకే ఇవాళ రావడానికి వీలైందట. పిల్లకి జ్వరం మొదలై మూడు రోజులైంది.

అత్తగారు పిల్ల కింది పెదవిని బొటనవేలితో మెల్లగా వంచి చూపించింది. "చూడండమ్మా, చిగురు ఎలా ఉబ్బిందో." చూశాను. నిజమే. కింది చిగురు మధ్యలో బియ్యపు గింజంత తెల్లటి గీత లోపలి నుంచి కనిపిస్తోంది. వేలితో తడిమితే గట్టిగా తగిలింది. గడ్డం కింద చొక్కా చొంగతో తడిసి ఉంది. ఆవిడ చూపు తప్పు కాదు. కానీ థర్మామీటరు 103 చూపించింది.

గొంతు, చెవులు, ఊపిరి అన్నీ బాగున్నాయి. మూత్రం పరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షన్ ఉందని తేలింది. ఈ వయసు ఆడపిల్లల్లో పైకి ఏ కారణమూ కనిపించని జ్వరం వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఆలస్యమైతే మూత్రపిండాలకు మచ్చలు పడే ప్రమాదముంది. కల్చర్‌కి పంపి, మందు మొదలుపెట్టాను.

"మరి పన్ను?" అంది అత్తగారు.

"పన్ను దాని దారిన అది వస్తోందమ్మా. జ్వరం దాని దారిన అది వచ్చింది. రెండూ ఒకే వారంలో వచ్చి పడ్డాయి."

తల ఊపింది. చిగుళ్ళు సలుపుతుంటే శుభ్రమైన గుడ్డ చల్లటి నీళ్ళలో తడిపి, పిండి, నమలనివ్వమని చెప్పాను. రోజూ చెప్పే మాటే.

5 జూలై, శుక్రవారం

తల్లులు చెప్పే మాటలు రాసి పెట్టుకోవడం ఆరేళ్ళ నుంచి అలవాటు. ఇవాళ ఆ పుటలన్నీ తిరగేశాను.

పళ్ళ జ్వరం. పళ్ళ విరేచనాలు. పళ్ళ దగ్గు. చెవి లాక్కుంటే పళ్ళు, పాలు మానేస్తే పళ్ళు, రాత్రి నిద్రపోకపోతే పళ్ళు. పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండం. విరేచనాలు పచ్చగా అయితే దిష్టి. దిష్టి తీసి, ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేస్తే కోరు రాలేదు, అంటే గట్టి దిష్టే. సాయంత్రం ఆరుబయట పడుకోబెడితే పక్షి నీడ పడింది. దగ్గు తగ్గకపోతే కొండనాలుక జారింది. ఒళ్ళంతా పొక్కులు వస్తే అమ్మవారు. ఇంట్లో తాళింపు వెయ్యకూడదు, మంచం మీద వేపమండలు పెట్టాలి.

ఈ పట్టికలోనే ఇంకో రకం మాటలూ ఉన్నాయి. "డొక్కలెగరేస్తున్నాడమ్మా." ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి గుంటపడుతోందని దాని అర్థం. న్యుమోనియా ముదిరిందనడానికి మా పుస్తకాల్లో ఉన్న గుర్తు అదే. "మాడు దిగబడింది." ఒంట్లో నీరు తగ్గిపోయిందనడానికి అదీ ఒక గుర్తే. "కళ్ళు పీక్కుపోయాయి." "తోటకూర కాడలా వేలాడిపోతున్నాడు." ఈ నాలుగు మాటల్లో ఏది వినిపించినా నేను చేతిలో పెన్ను పక్కన పడేసి లేస్తాను. ఏ వైద్యుడూ ఇంత తక్కువ మాటల్లో ఇంత కచ్చితంగా చెప్పలేడు.

ఒకే తల్లి ఈ రెండు రకాల మాటలూ చెబుతుంది. ఆమె కళ్ళకి తప్పు పట్టలేను, బిడ్డను ఆమె చూసినంతగా ఎవరూ చూడరు. కళ్ళు చూసినదానికి ఇల్లు ఒక పేరు పెడుతుంది. పొరపాటు ఆ పేరు దగ్గర జరుగుతోంది.

7 జూలై, ఆదివారం

ఇవాళ తీరిక. పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఈ నమ్మకాన్ని చదువులేని ఆడవాళ్ళ మాటగా తీసిపారేసే వాళ్ళంటే నాకు బాధ. దీన్ని పుట్టించిందీ, వందల ఏళ్ళు మోసిందీ మా వైద్యులే.

వాగ్భటుడు అష్టాంగ హృదయం ఉత్తరస్థానంలో, బాల రోగాల అధ్యాయంలో, పళ్ళు రావడం అన్ని రోగాలకూ కారణమవుతుందని రాశాడు. జ్వరం, విరేచనాలు, దగ్గు, వాంతులు అన్నీ ఆ లెక్కలో ఉన్నాయి. పన్ను వచ్చేశాక అవి వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి పిల్లవాణ్ణి వైద్యంతో మరీ కట్టడి చెయ్యవద్దనీ అన్నాడు. మన ఇళ్ళలో "ఏం ఫరవాలేదు, పన్ను బయటపడితే తగ్గిపోతుందిలే" అనే ధైర్యం వెనక ఇంత పాత గ్రంథం ఉంది.

పడమటి దేశాల్లోనూ ఇదే కథ. పదహారో శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రాజ్ పారే, పన్నుకి దారి ఇవ్వడానికి పసిపిల్లల చిగుళ్ళు కోయమన్నాడు. ఆ కత్తి మూడు వందల ఏళ్ళు ఆగలేదు. 1842లో లండన్‌లో ఏడాది లోపు చనిపోయిన పిల్లల్లో నూటికి దాదాపు ఐదుగురికి మరణ కారణం "పళ్ళు రావడం" అని ప్రభుత్వ లెక్కల్లో రాశారు. రాసింది తల్లులు కాదు.

ఆ తర్వాత పళ్ళ పొడులు వచ్చాయి. వాటిలో కాలొమెల్ ఉండేది, అంటే పాదరసపు లవణం. పిల్లల చేతులు, పాదాలు గులాబీ రంగుకి తిరిగి, తోలు ఊడి, వెలుతురు చూడలేక, రాత్రింబవళ్ళు ఏడ్చేవాళ్ళు. దానికి గులాబీ జబ్బు అని పేరు పెట్టి, కారణం కోసం ఏళ్ళ తరబడి వెతికారు. 1954లో బ్రిటన్‌లో ఆ పొడుల్లోంచి పాదరసం తీసేశాక ఆ జబ్బు దాదాపుగా మాయమైంది. పళ్ళు పిల్లల్ని చంపలేదు. పళ్ళకని ఇచ్చిన మందు చంపింది.

ఇప్పటికీ ఆ దారి పూర్తిగా మూసుకోలేదు. చిగుళ్ళకు రాసే మొద్దుబార్చే జెల్‌లలో బెంజొకైన్ ఉంటే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోయే ప్రమాదం ఉందని, రెండేళ్ళ లోపు పిల్లలకు వాడొద్దని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టిగా హెచ్చరించింది. అందుకే నేను తడిగుడ్డ దగ్గరే ఆగిపోతాను.

12 జూలై, శుక్రవారం

ఆరేళ్ళ కిందటి సంగతి ఈ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఇవాళ రాస్తాను.

అప్పుడే క్లినిక్ పెట్టిన రోజులు. వేటపాలెం వైపు నుంచి ఒకమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, నీళ్ళ విరేచనాలతో ఉన్న తొమ్మిది నెలల బాబుని నాలుగో రోజు తీసుకొచ్చింది. పళ్ళనుకున్నానమ్మా అంది. నేను వరండాలో పదిమంది వినేలా అరిచాను. చదువుకున్నదానివేనా అన్నాను. ఆ పిల్ల ఏడుస్తూ వెళ్ళింది. బాబు కోలుకున్నాడు.

రెండు నెలల తర్వాత అదే బాబు దగ్గుతో, ఆయాసంతో వచ్చాడు. అప్పటికే ఐదో రోజు. గోళ్ళు నీలం. ఆక్సిజన్ పెట్టి గుంటూరు పంపాల్సి వచ్చింది. ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు, బతికాడు. "ఇన్నాళ్ళు ఎందుకాగావమ్మా?" అని అడిగితే, తల దించుకుని అంది: "మళ్ళీ తిడతారని రాలేదు మేడమ్."

పళ్ళనుకుని నాలుగు రోజులు ఆగింది. నాకు భయపడి ఐదు రోజులు ఆగింది. ఆ రాత్రి నుంచే తల్లుల మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి ఎవరు "పళ్ళు" అన్నా ముందు చిగురు చూస్తాను. ఉబ్బి ఉంటే ఉబ్బిందనే చెబుతాను. ఆ తర్వాతే, "ఇంకేం చూశావమ్మా?" అని అడుగుతాను.

అసలు ఈ రెండూ ఎందుకు కలుస్తాయో కూడా వాళ్ళకి చెప్పాలి. కడుపులో ఉన్నప్పుడు తల్లి ఇచ్చిన రక్షణ ఆరో నెల వచ్చేసరికి బాగా తరిగిపోతుంది. అప్పుడే అన్నప్రాశన. అప్పుడే ఉగ్గు, గిన్నె, చెంచా, బయటి నీళ్ళు. అప్పుడే పాకడం, నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం. సరిగ్గా అప్పుడే మొదటి పన్ను. ఆరో నెల నుంచి రెండున్నరేళ్ళ వరకు ఇరవై పాలపళ్ళు రావాలి. ఒక్కో పంటికి అటూ ఇటూ కలిపి ఎనిమిది రోజులు వేసుకున్నా నూట అరవై రోజులు. జంటలుగా వస్తాయి కాబట్టి కొంత తీసేసినా, ఈ రెండేళ్ళలో ఏ జబ్బు వచ్చినా దాని పక్కనే ఒక పన్ను కనపడుతుంది. పక్కన నిలబడ్డవాణ్ణి దొంగ అనుకున్నట్టే ఇదీ.

ఎనిమిది రోజులన్న లెక్క నా సొంతం కాదు. క్లీవ్‌లాండ్ వైద్యులు 2000లో ప్రచురించిన అధ్యయనంలోది. 125 మంది పిల్లలు, 475 పళ్ళు. నాలుగో నెల నుంచి ఏడాది దాకా తల్లిదండ్రులే రోజూ జ్వరం చూసి, కనిపించినవన్నీ రాశారు. పన్ను బయటపడటానికి ముందు నాలుగు రోజులు, వచ్చిన రోజు, తర్వాతి మూడు రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో చొంగ, కొరకడం, చిగుళ్ళు రుద్దుకోవడం, చిరాకు, చెవి రుద్దుకోవడం, గట్టి ఆహారం వద్దనడం, ఒళ్ళు కాస్త వెచ్చబడటం ఎక్కువగా కనిపించాయి. విరేచనాలు, దగ్గు, వాంతులు, 102 దాటిన జ్వరం మాత్రం పంటితో కలిసి రాలేదు.

ఈ అధ్యయనంలో నాకు నచ్చింది ఒకటుంది. ఇక్కడ కొలిచిన కళ్ళూ కన్నవాళ్ళ కళ్ళే. పన్ను వచ్చాక వెనక్కి తిరిగి తలుచుకుంటే ప్రతి జ్వరమూ పంటి జ్వరంలాగే కనిపిస్తుంది. పన్ను ఎప్పుడొస్తుందో తెలియకుండా ఏ రోజుది ఆ రోజు రాసుకుంటే నిజం కనిపిస్తుంది.

17 జూలై, బుధవారం. తొలి ఏకాదశి

హైదరాబాదు నుంచి చెల్లి వచ్చింది. చంటిదానికి ఏడో నెల. అమ్మ కూడా ఊరి నుంచి వచ్చి పది రోజులుంటానంది. ఇల్లు నిండింది. అమ్మ పొద్దున్నే పేలాల పిండి కొట్టి, బెల్లం కలిపి, అందరి చేతుల్లో పెట్టింది.

చంటిది చేతికి ఏది అందితే అది నోట్లోకే. చాప అంచు, నా స్టెతస్కోపు, వాళ్ళమ్మ పైట. చొంగకి రోజుకి ఆరు చొక్కాలు మారుస్తున్నారు. చెల్లి ఒక తెల్లటి నూలు గుడ్డ తడిపి దాని చేతికిచ్చింది. రెండు చేతులతో పట్టుకుని నమలడం మొదలెట్టింది. అమ్మ వంటింట్లోంచి వస్తూ చూసి, ఏమీ అనకుండా ఆ గుడ్డ లాగేసుకుంది. చంటిది ఏడుపు లంకించుకుంది.

"అదేంటమ్మా, అక్కే ఇవ్వమంది" అంది చెల్లి.

"గుడ్డ వద్దు. గిలక ఇవ్వు" అని అమ్మ దాన్ని దండెం మీద ఆరేసింది. మళ్ళీ మాట్లాడలేదు.

నాకంటే ముందు ఒక మగపిల్లవాడు. 1979లో, ఎనిమిదో నెలలో పోయాడు. నేను 1981లో పుట్టాను. మా ఇంట్లో వాడి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: "పళ్ళ విరేచనాలు పట్టుకుని పోయాడు." చిన్నప్పుడు ఆ వాక్యం విని నా పళ్ళను చూసి నేనే భయపడేదాన్ని. మెడికల్ కాలేజీలో పిల్లల వార్డు పోస్టింగ్‌లో మొదటిసారి నీళ్ళు లేక ఎండిపోయిన బిడ్డను చూసిన రోజు మా అన్నకి ఏమైందో నాకు అర్థమైంది. ఇరవై ఏళ్ళు దాటింది. అమ్మకి చెప్పలేదు. ఊళ్ళో తల్లులందరికీ చెబుతాను. మా అమ్మకి చెప్పలేదు.

21 జూలై, ఆదివారం. తెల్లవారుజామున

నిన్న మధ్యాహ్నం నుంచి చంటిదానికి విరేచనాలు. సాయంత్రానికి ఎనిమిదిసార్లు. రోటావైరస్ చుక్కలు మూడు డోసులూ వేయించింది చెల్లి. ఆ టీకా అసలు విరేచనాలే రాకుండా ఆపదు, రోటావైరస్ ప్రాణం మీదికి తేకుండా చాలావరకు కాపాడుతుంది. అమ్మ దాని చిగురు తడిమి, "పన్నే" అంది. నేనూ తడిమాను. కింద పన్ను ఉన్నమాట నిజమే.

రాత్రి తొమ్మిదికి చూస్తే కళ్ళు కొద్దిగా లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే కాస్త ఆలస్యంగా సర్దుకుంది. ఏడుపులో కన్నీళ్ళు తక్కువ. గిన్నె చూపిస్తే మాత్రం ఆత్రంగా మీదికొచ్చి తాగుతోంది. అంటే ఇంకా చేతిలోనే ఉంది. తాగలేక తల వాల్చేస్తే సెలైన్ పెట్టాల్సి వచ్చేది.

కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ప్యాకెట్ మొత్తం కలిపాను. ఏడు కిలోల పిల్ల. కిలోకి 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో 525. ఐదు మిల్లీలీటర్ల చెంచాతో నూట ఐదు చెంచాలు. చెల్లి అలిసిపోయి ఉంది, మధ్యమధ్య పాలివ్వడానికి లేపుతానని పడుకోబెట్టాను. అమ్మ పిల్లను ఒళ్ళో పెట్టుకుంది. నేను చెంచా పట్టాను. నిమిషానికి, రెండు నిమిషాలకి ఒక చెంచా. అమ్మ లెక్కపెడుతోంది, పైకే. ముప్ఫై ఒకటి. ముప్ఫై రెండు. ఒకసారి కక్కింది. పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలెట్టాం.

అరవై దాటాక లెక్క ఆగిపోయింది. తలెత్తి చూశాను.

"వాడికి నీళ్ళు పట్టొద్దన్నారే" అంది అమ్మ. "లోపలికి పోస్తే ఇంకా పారుతుంది, కడుపు ఎండనివ్వాలన్నారు. పాలు కూడా మాన్పించారు. పెదాలు పగిలిపోతుంటే తడిగుడ్డతో తుడవమన్నారు. తుడుస్తుంటే వాడు గుడ్డ పట్టుకుని చీకాడు. ఎంత బలమో ఆ పట్టులో. వదల్లేదు. నీళ్ళు లోపలికి పోతున్నాయని నేనే లాగేశాను."

చంటిది చెంచా కోసం నోరు తెరిచింది. నా చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"పట్టు, పట్టు" అంది అమ్మ. "అరవై మూడు."

ఒంటి గంటన్నరకి నూట ఐదు పూర్తయ్యాయి. పిల్ల మూత్రం పోసుకుంది. అమ్మ ఆ తడి చీర మార్చుకోలేదు. అలాగే కూర్చుంది.

24 జూలై, బుధవారం

విరేచనాలు రోజుకి మూడుకి దిగాయి. జింక్ నాలుగో బిళ్ళ ఇవాళ. అమ్మ పాల చెంచాలో బిళ్ళ కరిగించి తాగించి, గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ మీద పెన్సిల్‌తో అడ్డగీత కొడుతోంది. పద్నాలుగు రోజులు ఇవ్వాలని ఒక్కసారి చెప్పాను. విరేచనాలు ఆగినా బిళ్ళ ఆపకూడదని తనే చెల్లికి చెబుతోంది.

మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నప్పుడు అడిగింది. "అయితే పళ్ళు కాదన్నమాట."

ఇంక దాటెయ్యలేకపోయాను. "కాదమ్మా. ఒంట్లో నీళ్ళు అయిపోయాయి."

చాలాసేపటికి, "ఆ నీళ్ళు అప్పుడుంటే?" అంది.

అన్నీ చెప్పాను. విరేచనాలతో పేగు చెడినా చక్కెర, ఉప్పు కలిసి వస్తే పీల్చుకునే దారి దానికి మిగిలే ఉంటుందని, వాటి వెంట నీళ్ళు కూడా లోపలికి పోతాయని. వట్టి నీళ్ళకంటే ఈ నీళ్ళు ఎందుకు నిలుస్తాయో అదే రహస్యమని. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బనగాం శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి, సెలైన్ అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి, పిల్లలకి ఇంటివాళ్ళ చేతే తాగించాడని. నర్సులు చాలక ఆ పని అమ్మల చేతుల్లో పెట్టాడని, వాళ్ళే బతికించుకున్నారని. ఆయన 2022లో పోయాడని, తర్వాతి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారని. 1979 నాటికి ఆ ప్యాకెట్ మన ఊరి దాకా రాలేదని.

"రాలేదు" అంది అమ్మ. ఆ మాటని చేత్తో పట్టుకు చూసుకుంటున్నట్టు రెండుసార్లు అంది. "మరి నీళ్ళయినా పట్టొచ్చుగా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పట్టొచ్చు. గంజి పట్టొచ్చు, పాలివ్వొచ్చు. కానీ అప్పటికి ఆవిడకి ఇరవై మూడేళ్ళు. అత్తగారు, ఊరి పెద్దవాళ్ళు, మందిచ్చే ఆచారిగారు అందరూ ఒకే మాట చెప్పారు. అదే చెప్పాను. తన చేతిని నా చేతుల్లోకి తీసుకున్నాను. అమ్మ ఏడవలేదు. "నలభై ఐదేళ్ళు పళ్ళని తిట్టుకున్నానే" అంది.

ఇవాళ నాకు తెలిసినది ఇది. "పళ్ళు" అనే మాట ఆ ఇంట్లో ఎవరి మీదా నేరం పడకుండా కాపాడింది. అత్తగారి మీద పడలేదు, అమ్మ మీద పడలేదు. ఒక తల్లి చేతుల్లోంచి ఆ మాట తీసుకుంటే ఆ చేతులు ఖాళీ అవుతాయి. ఖాళీ చేతులతో పంపకూడదు. ఒక చెంచా పెట్టాలి, ఒక ప్యాకెట్ పెట్టాలి, ఏం చూడాలో చెప్పాలి. ఆ తర్వాతే ఆ మాట తీసుకోవాలి.

28 జూలై, ఆదివారం

క్లినిక్ గోడకి అంటించడానికి ఒక కాగితం రాస్తున్నాను. తల్లుల మాటల్లోనే ఉండాలి. చిత్తు ప్రతి:

పళ్ళొచ్చేటప్పుడు చొంగ కారుతుంది. కొరుకుతారు. చిరాకు పడతారు. రెండు రాత్రులు సరిగా నిద్రపోరు. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉండొచ్చు. దీనికి మందు అక్కర్లేదు.

థర్మామీటరులో 100.4 చూపిస్తే అది జ్వరం. పన్ను కాదు. మూడు నెలల లోపు బిడ్డకైతే ఆ గంటే రండి.

నీళ్ళ విరేచనాలు పన్ను కాదు. మొదటిసారికే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి, పాలు ఆపొద్దు. ఆరు నెలలు దాటిన పిల్లలకి జింక్ 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకి 10, పద్నాలుగు రోజులు. వీటి కోసం మీ ఆశా కార్యకర్తని అడగండి.

పొట్ట పైకీ కిందికీ కదలడం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది లోపు యాభైకి, ఆ పైన ఐదేళ్ళ దాకా నలభైకి చేరినా, దాటినా న్యుమోనియా కావచ్చు. రెండు నెలల లోపు వాళ్ళకి అరవై.

డొక్కలెగరేస్తే, మాడు దిగబడితే, కళ్ళు పీక్కుపోతే, పాలు పట్టకపోతే, తాగిందంతా కక్కేస్తే, ఫిట్స్ వస్తే, తోటకూర కాడలా వాలిపోతే, రాత్రైనా ఆగొద్దు.

చివర ఒక వాక్యం చేర్చాను: ఎప్పుడొచ్చినా ఇక్కడ ఎవరూ తిట్టరు.

దిష్టి గురించి ఏమీ రాయలేదు. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసి, ఆ తర్వాత ఆస్పత్రికి వస్తే నాకేం అభ్యంతరం లేదు. పొయ్యి దగ్గర ఆగిపోవద్దు, అంతే.

3 ఆగస్టు, శనివారం

చివరి జింక్ బిళ్ళ. అమ్మ పద్నాలుగో గీత కొట్టింది. రేపు చెల్లి వెళ్ళిపోతుంది. పది రోజులన్న అమ్మ పద్దెనిమిది రోజులు ఉండిపోయింది.

పొద్దున రాగిజావ పెడుతుంటే వెండి చెంచా టిక్కుమంది. చెల్లి ఆగింది. మళ్ళీ తగిలించింది. టిక్. పన్ను బయటపడింది. కింద, మధ్యలో, ఎడమవైపుది. గత ఐదు రోజులుగా పిల్లకి విరేచనం లేదు, ఒళ్ళు వెచ్చబడలేదు. చొంగ మాత్రం ధారే.

సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చేసరికి అమ్మ పెరట్లో ఉంది. పాత నేత పంచె నుంచి చించిన ముక్కని మరిగే నీళ్ళలో వేసి తీసింది. కుండలో పోసిన కాచిన నీళ్ళలో ముంచి, పిండింది. చంటిదాన్ని చాప మీద కూర్చోబెట్టి, ఆ గుడ్డ చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

పిల్ల గుడ్డని రెండు చేతులతో నోట్లోకి లాక్కుని, కొత్త పంటితో కొరికి, చప్పరించింది. అమ్మ ఒక కొస పట్టుకుని ఉంది. పిల్ల లాగింది. అమ్మ చూస్తూ, మెల్లగా ఆ కొస వదిలేసింది.